విషం పాతిపెట్టి కంపెనీ మాయమైతే, మట్టి శుభ్రం చేసే ఖర్చు ఎవరిది?

న్యూజెర్సీలోని ఎడిసన్ గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు, అక్కడ చుట్టమో స్నేహితుడో ఉన్న కుటుంబాలు మనలో బోలెడు. ఆ ఊళ్లోనే ఒకప్పుడు పురుగుమందులు, కలుపుమందులు తయారుచేసే కెమికల్ ఇన్‌సెక్టిసైడ్ కార్పొరేషన్ అనే ఫ్యాక్టరీ ఉండేది. 1950ల్లో మొదలై 1970లో దివాలా తీసింది. కంపెనీ పోయింది కానీ అది వదిలిన ఆర్సెనిక్, కలుపుమందుల అవశేషాలు మట్టిలోనే ఉండిపోయాయి. ఆ స్థలంలో తిరిగే కుందేళ్ల బొచ్చుకు ఆకుపచ్చ రంగు పట్టింది. కుందేలు ఒంటి మీదే కనిపిస్తోందంటే ఆ మట్టిలో ఎంత ఉందో ఊహించుకోండి.

ఇప్పుడు దీన్ని బాగుచెయ్యాలి. డబ్బు ఎవరిస్తారు?

ఎవరిని అడిగినా ఠక్కున చెప్పే జవాబు, పాడుచేసినవాడే ఇవ్వాలని. న్యాయంగా మాట్లాడితే అంతే. కానీ పాడుచేసినవాడు దివాలా తీసి వెళ్లిపోయాడు, వాడి పేరు మీద ఉన్న ఆస్తి ఆ విషపు మట్టి ఒక్కటే. పోనీ అంతకుముందు భూమి అమ్మినవాణ్ని పట్టుకుందామంటే కోర్టులో పదేళ్లు. ఈలోపు వానలు ఆగవు, నీళ్లు కిందికి ఇంకుతూనే ఉంటాయి. ఇలాంటి దిక్కులేని స్థలాల కోసం అమెరికా 1980లో ఒక పద్ధతి పెట్టుకుంది. చమురు కంపెనీల దగ్గర, రసాయనాల కంపెనీల దగ్గర చిన్న పన్ను వసూలు చేసి, ఆ డబ్బు విడిగా ఒక నిధిలో వేసి, శుభ్రం చెయ్యడానికి వాడుకోవడం. ఆ నిధి పేరే సూపర్‌ఫండ్. వినడానికి తేలిగ్గానే ఉంటుంది, లోపలికి వెళ్తేనే చిక్కులు. ఎవరి మీద పన్ను, దేని మీద పన్ను, తప్పు చెయ్యనివాళ్లు ఎందుకు కట్టాలి, పన్ను ఆపేస్తే ఏమవుతుంది... ఇవన్నీ అక్కడ నలభై ఏళ్లుగా నడుస్తున్న గొడవలు, మనకూ ఇవాళో రేపో తప్పని గొడవలు.

ఇదంతా మొదలైంది న్యూయార్క్ రాష్ట్రంలో, నయాగరా ఫాల్స్ ఊళ్లో. లవ్ అనే పెద్దమనిషి 1890ల్లో తవ్వడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన కాలువ ఒకటి అక్కడ ఉండేది, అందుకే దానికి లవ్ కెనాల్ అని పేరు. హుకర్ కెమికల్ అనే కంపెనీ 1942 నుంచి 1953 దాకా ఆ గుంతలో సుమారు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలు పారబోసింది, చాలావరకు డ్రముల్లో. పైన మట్టి కప్పి, 1953లో ఆ భూమిని స్కూల్ బోర్డుకు 1 డాలరుకు అమ్మేసింది. కింద రసాయనాలున్నాయి, రేపు ఏదైనా జరిగితే మాకు సంబంధం లేదు అని ఆ దస్తావేజులోనే రాయించుకుంది. అంతా తెలిసీ అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి.

1970ల మధ్యలో మంచు, వానలు ఎక్కువై భూమిలో నీటిమట్టం పైకొచ్చేసరికి తుప్పుపట్టిన డ్రముల్లోని సరుకు ఇళ్ల నేలమాళిగల్లోకి నల్లటి జిడ్డులా ఊరింది. పిల్లలు ఆడుకుంటూ ఏరుకున్న రాళ్లు రోడ్డుకేసి కొడితే నిప్పురవ్వలు లేచేవి, అవి భాస్వరం ముక్కలని ఆ పసివాళ్లకేం తెలుసు? లోయిస్ గిబ్స్ అనే గృహిణి, కొడుకు ఆ బడిలోనే చదువుతూ తరచూ జబ్బుపడుతుంటే, ఇంటింటికీ తిరిగి చుట్టుపక్కల తల్లుల్ని కూడగట్టింది. 1978 ఆగస్టులో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు, తర్వాత రెండేళ్లలో వందల కుటుంబాల్ని అక్కణ్నుంచి తరలించారు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. లవ్ కెనాల్‌లో తప్పు చేసిన కంపెనీ మాయమైపోలేదు. దాన్ని ఆక్సిడెంటల్ పెట్రోలియం అనే పెద్ద సంస్థ కొనుక్కుంది, డబ్బుకు కొదవ లేదు, చిరునామా ఉంది. అయినా కేంద్ర ప్రభుత్వానికి ఆ కంపెనీ 129 మిలియన్ డాలర్లు కడతానని ఒప్పుకున్నది 1995లో. అంటే గొడవ బయటపడ్డ 17 ఏళ్లకు. ఆ డబ్బు వచ్చేదాకా ఆగి ఉంటే, ఆ జిడ్డు పక్కన పడుకున్న పిల్లలు పెద్దవాళ్లై వాళ్లకు పిల్లలు పుట్టేవాళ్లు. నిధి అవసరం ఎందుకో నాకు అర్థమైంది ఈ లెక్క చూశాకే. అది దివాలా తీసినవాళ్ల కోసం మాత్రమే కాదు, బతికి ఉండి కోర్టుల్లో సాగదీసేవాళ్ల కోసం కూడా. ముందు శుభ్రం చేసెయ్, తర్వాత తీరిగ్గా వసూలు చేసుకో. ఈ వీలు లేకపోతే మిగతా న్యాయసూత్రాలన్నీ కాగితం మీదే.

1980 డిసెంబర్ 11న కార్టర్ సంతకం పెట్టిన చట్టంలో రెండు భాగాలున్నాయి. ఒకటి బాధ్యత, రెండోది నిధి. రెండూ కలిసి నడిస్తేనే బండి నడుస్తుంది.

బాధ్యత విషయంలో ఆ చట్టం చాలా కఠినం. అప్పట్లో అది నేరం కాదండీ, అందరూ అలాగే పారబోసేవాళ్లు అంటే కుదరదు, పాత పనులకు కూడా వర్తిస్తుంది. నేను జాగ్రత్తగానే చేశాను అన్నా కుదరదు. ఒకే స్థలంలో 20 కంపెనీలు పారబోసి, ఎవరి వాటా ఎంతో విడదీయలేకపోతే, మొత్తం ఖర్చు ఏ ఒక్కరి దగ్గరైనా వసూలు చెయ్యొచ్చు, వాళ్లు మిగతావాళ్ల మీద కేసు వేసుకోవాలి. తిలాపాపం తలా పిడికెడు అని తప్పించుకునే దారి లేకుండా కట్టారన్నమాట. శుభ్రం చెయ్యమని పర్యావరణ సంస్థ ఈపీఏ ఆదేశించాక సరైన కారణం లేకుండా మొండికేస్తే, నిధి నుంచి అయిన ఖర్చుకు మూడు రెట్ల దాకా జరిమానా. ఈ భయం వల్లే సుమారు 70 శాతం స్థలాల్లో శుభ్రం చేసే ఖర్చును బాధ్యులే భరించారు. నిధి ఖాళీగా ఉందనుకోండి, మేమే చేసేస్తాం, బిల్లు మీకు పంపుతాం అనే బెదిరింపుకు విలువ ఉండదు. అందుకే రెండూ కలిసి ఉండాలన్నాను.

దీని చెడు కూడా చెప్పాలి. ఇంత కఠినంగా ఉంటే లాయర్లకు పండగే. 1992లో రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ లెక్కతీస్తే, ఈ కేసుల మీద బీమా కంపెనీలు పెట్టిన ఖర్చులో 88 శాతం లాయర్లకు, వాదోపవాదాలకు పోయింది. మట్టి మీద ఖర్చుపెట్టాల్సిన డబ్బు కాగితాల మీద పెట్టారు.

ఇక పన్ను. 1980లో ముడిచమురు మీద బ్యారెల్‌కు 0.79 సెంట్లు, అంటే ఒక సెంటు కూడా కాదు. 42 రకాల మూల రసాయనాల మీద టన్నుకు 22 సెంట్ల నుంచి 4.87 డాలర్ల దాకా. బెంజీన్, క్లోరిన్, ఇథిలీన్, అమ్మోనియా, సల్ఫ్యూరిక్ యాసిడ్ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. 1986లో చమురు పన్ను పెంచారు, పెద్ద కంపెనీల ఆదాయం మీద 0.12 శాతం అదనంగా వేశారు.

ఇక్కడే ఎవరికైనా వచ్చే అనుమానం, చెత్తకు డబ్బు కావాలంటే చెత్త మీద పన్ను వెయ్యాలి కదా, ముడిసరుకు మీద వెయ్యడమేంటి అని. నాకూ మొదట వింతగానే అనిపించింది. ఆలోచిస్తే దాని వెనక మంచి లెక్కే ఉంది. చెత్త మీద టన్నుకింత అని పన్ను వేస్తే, కంపెనీవాడు చెత్త తగ్గిస్తాడని మనం ఆశిస్తాం, కానీ వాడు లెక్క తగ్గిస్తాడు. పుస్తకంలో 10 టన్నులు, రాత్రి ట్యాంకర్లో ఇంకో 40 టన్నులు, ఏ వాగులోనో పైపు వదిలేసి వెళ్లిపోవడం. ఈ అర్ధరాత్రి ట్యాంకర్ల సంగతి హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే బెంజీన్ టన్ను అయితే దాచలేరు, దానికి ఇన్‌వాయిస్ ఉంటుంది, అమ్ముకునే సరుకు కాబట్టి కాటా కచ్చితంగా ఉంటుంది. పైగా చెత్త పుట్టించేవాళ్లు వేలల్లో, లక్షల్లో ఉంటారు, మూల రసాయనాలు తయారుచేసేవాళ్లు, దిగుమతి చేసుకునేవాళ్లు కొద్దిమందే. కొద్దిమంది దగ్గర, పైనుంచే పట్టుకుంటే వసూలు ఖర్చు తక్కువ, ఎగవేత తక్కువ.

కానీ ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది, అది దాచకూడదు. ముడిసరుకు మీద పన్ను వేస్తే, దాన్ని జాగ్రత్తగా వాడే కంపెనీకీ, వాగులో కలిపే కంపెనీకీ ఒకటే రేటు. మంచివాడికి లాభం లేదు, చెడ్డవాడికి నష్టం లేదు. కాబట్టి ఇది శిక్ష కాదు, దీన్ని శిక్షగా చూస్తే అన్యాయంగానే కనిపిస్తుంది. ఇది పరిశ్రమంతా కలిసి కట్టుకునే బీమా ప్రీమియం లాంటిది. శిక్ష పని బాధ్యత భాగం చూసుకుంటుంది.

కంపెనీలవాళ్ల వాదన ఏంటంటే, ఎప్పుడో 1950ల్లో ఎవరో చేసిన పాపానికి ఇవాళ పద్ధతిగా నడుపుకునే మేమెందుకు కట్టాలి అని. చమురు కంపెనీలకైతే ఇంకో బాధ కూడా ఉంది, ముడిచమురు, పెట్రోలు ఒలికిన స్థలాలు ఈ చట్టం కిందికే రావు, కానీ పన్ను మాత్రం వాళ్లూ కడతారు. ఈ రెండో మాటలో న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. మొదటిదానికి మాత్రం నా జవాబు ఇది. ఆ డబ్బు పరిశ్రమ కట్టకపోతే ఎవరో ఒకరు కట్టాల్సిందే, ఆ ఎవరో ఒకరు జీతం మీద పన్ను కట్టే నర్సు, బస్సు డ్రైవరు. ఆ రసాయనాలతో సంబంధమే లేని వాళ్లకంటే, దశాబ్దాల పాటు చెత్త పారబోయడం దాదాపు ఉచితం కాబట్టి చౌకగా ఎదిగిన పరిశ్రమే ఆ ఖర్చుకు దగ్గరిది. పన్ను చివరికి సరుకు ధరలో కలిసి కొనేవాడి మీదే పడుతుంది కదా అంటారు. పడుతుంది. పెయింట్ డబ్బా మీద, ప్లాస్టిక్ బకెట్టు మీద కొన్ని పైసలు. ఆ పైసలు ఆ సరుకు అసలు ధరలో ఉండాల్సినవే, ఇన్నాళ్లూ ఎవరి బోరులోనో కలిశాయి.

1995 డిసెంబర్ 31తో ఈ పన్నుల గడువు అయిపోయింది. అమెరికా పార్లమెంటు పొడిగించలేదు. మిగిలిన నిల్వతో కొన్నేళ్లు లాక్కొచ్చి, 2003 నాటికి నిధి దాదాపు ఖాళీ. అక్కణ్నుంచి మామూలు పన్నుల డబ్బే ఏటా బడ్జెట్లో అడుక్కోవాలి. 1999లో 80కి పైగా స్థలాల్లో శుద్ధి నిర్మాణపు పనులు పూర్తయితే, 2013లో 14 చోట్ల పూర్తయ్యాయి. మిగిలిన స్థలాలు పెద్దవి, క్లిష్టమైనవి కావడం కూడా ఒక కారణమే, కానీ డబ్బు తగ్గడం మాత్రం కళ్లెదుటే ఉంది. 2002లో నిధులు కోతపడ్డ 33 స్థలాల జాబితాలో మనం మొదట్లో చెప్పుకున్న ఎడిసన్ ఫ్యాక్టరీ కూడా ఉంది. అక్కడి మట్టి తవ్వి తీసింది ఆ తర్వాతే.

న్యూజెర్సీలో ఇలాంటి స్థలాలు వందకు పైనే, ఏ రాష్ట్రంలోనూ అన్ని లేవు. జిల్లాల లెక్కన చూస్తే మొదటి స్థానం కాలిఫోర్నియాలోని శాంటా క్లారాది, అంటే సిలికాన్ వ్యాలీ. చిప్పులు కడగడానికి వాడిన ద్రావకాలు భూమిలోకి ఇంకిపోయిన చోట్ల మీదే ఇవాళ ఆఫీసులున్నాయి, వాటిలో మన పిల్లలూ పనిచేస్తున్నారు.

చివరికి పన్ను మళ్లీ వచ్చింది. 2021 నవంబర్ నాటి మౌలిక సదుపాయాల చట్టంతో రసాయనాల పన్ను రెట్టింపు రేట్లతో 2022 జూలై 1 నుంచి, 2022 ఆగస్టు నాటి చట్టంతో చమురు పన్ను బ్యారెల్‌కు 16.4 సెంట్ల చొప్పున 2023 జనవరి 1 నుంచి. బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు, దాని ధర 70 డాలర్లనుకుంటే ఈ పన్ను పావు శాతం కూడా కాదు. ఇంత చిన్న మొత్తానికి 26 ఏళ్లు కొట్లాడుకున్నారు. తిరిగొచ్చిందని సంబరపడేలోపే 2024 బడ్జెట్లో మామూలు కేటాయింపును సగం కంటే తక్కువకు కోసేశారు, పన్ను వస్తోంది కదా అని. అంటే కొత్త డబ్బు పాత డబ్బుకు తోడు కాలేదు, దాని స్థానంలోకి వచ్చి కూర్చుంది. ప్రత్యేక నిధి ఏది పెట్టినా ఈ ప్రమాదం ఉంటుంది, మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

ఇక మన దగ్గరికొద్దాం. పాడుచేసినవాడే చెల్లించాలనే సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1996లోనే గట్టిగా చెప్పింది. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిఛ్రీ అనే ఊళ్లో, రంగుల తయారీకి వాడే హెచ్-యాసిడ్ అనే రసాయనం తయారుచేసిన కంపెనీలు వదిలిన మడ్డితో బావుల నీళ్లు రంగు మారిపోయిన కేసు అది. తీర్పు వచ్చింది, తర్వాత ఖర్చు 37.385 కోట్ల రూపాయలని తేల్చారు. కంపెనీ ఒకదాని తర్వాత ఒకటి పిటిషన్లు వేస్తూ పోతే 2011లో సుప్రీంకోర్టే విసిగిపోయి, 1997 నుంచి 12 శాతం చక్రవడ్డీతో కట్టమంది. తీర్పు గెలిచిన 15 ఏళ్ల తర్వాత కూడా ఊరివాళ్లు డబ్బు కోసమే ఎదురుచూడాల్సి వచ్చింది. సూత్రంలో తప్పు లేదు, దాని వెనక ముందుగా ఖర్చుపెట్టే నిధి లేదు.

భోపాల్ సంగతి మరీ ఘోరం. 1984లో గ్యాస్ లీకైన ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలు, ఎవరి ఖర్చుతో ఎక్కడ కాల్చాలో తేలక, దాదాపు 40 ఏళ్లు అక్కడే పడి ఉన్నాయి. 2024 డిసెంబర్లో హైకోర్టు గద్దించాక, 2025 జనవరిలో 12 కంటైనర్లలో మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్ తీసుకెళ్లి ఆ ఏడాది మధ్యకు కాల్చేశారు. దీనికి కేటాయించిన 126 కోట్లు కేంద్ర ప్రభుత్వానివి, అంటే మనవి. భూమిలోకి, భూగర్భ జలాల్లోకి దిగిన విషం లెక్క ఇందులో లేదు. హైదరాబాద్‌లో కాటేదాన్ పారిశ్రామికవాడ కాలుష్యం చేరిన నూర్ మహమ్మద్ కుంటను బాగుచేద్దామన్నప్పుడు కూడా ప్రపంచబ్యాంకు రుణంతో నడిచే ప్రాజెక్టులో పెట్టారు. రుణం తీర్చేదీ మనమే.

కొన్నేళ్ల క్రితం హైదరాబాద్ శివార్లలో ఒక మూతపడ్డ ఫ్యాక్టరీ పక్క ఊరికి వెళ్లాను. ఒక రైతు బోరు వేసి బకెట్టు నింపి చూపించాడు, నీళ్లు పలచటి టీ డికాషన్ రంగులో ఉన్నాయి. "బర్రె గూడ మూతి పెడ్తలేదు సార్" అన్నాడు. ఫ్యాక్టరీ గేటుకు బ్యాంకువాళ్ల వేలం నోటీసు అతికించి ఉంది. అప్పు ఎంతో పైసలతో సహా రాశారు, షెడ్లు ఎన్ని చదరపు అడుగులో రాశారు. మట్టి గురించి, బోర్ల గురించి ఒక్క ముక్క లేదు. ఆ రైతు కూడా బ్యాంకులాగే బాకీ రావాల్సినవాడే, ఆ కంపెనీ నుంచి అతనికి రావాల్సింది ఉంది, కానీ ఆ నోటీసులో అతనికి చోటు లేదు.

మరి మనం కూడా పన్ను వెయ్యొచ్చు కదా అంటే, ఇలాంటిది ఒకటి వేశాం కూడా. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు పెట్టారు, స్వచ్ఛ ఇంధనానికి నిధి అన్నారు, 2016కు అది 400 అయింది. 2017-18 దాకా వసూలైంది 86,440 కోట్లు. నిధికి చేరింది 29,645 కోట్లు, పనులకు వాడింది 15,911 కోట్లు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సెస్సే రాష్ట్రాలకు ఇచ్చే పరిహారం కిందికి మారిపోయింది. కంచే చేను మేసిందంటే ఇదే. పన్ను వెయ్యడం మనకు చేతకాని పని కాదు, వేసిన పన్ను చేరాల్సిన చోటికి చేర్చడమే చేతకాలేదు. 1991 ప్రజా బాధ్యత బీమా చట్టం కింద ప్రమాదకర రసాయనాల కంపెనీలు కట్టే పర్యావరణ సహాయ నిధి కూడా ఉంది, కానీ దాన్ని పెట్టింది ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ల కోసం. మెల్లగా ఏళ్ల తరబడి ఇంకే విషానికి ఫలానా రోజు ప్రమాదం జరిగిందని చూపించడం ఎలా?

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిబంధనలు తెచ్చింది. స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా పరిశీలించాలి, నిజమైతే ఇంకో 90 రోజుల్లో పూర్తి సర్వే, తర్వాత 90 రోజుల్లో బాధ్యులెవరో తేల్చాలి. బాధ్యులు దొరక్కపోయినా, కట్టలేకపోయినా ఖర్చు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చూసుకోవాలి. ఇవి వచ్చేనాటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103, శుద్ధి మొదలైనవి 7. ఇన్నేళ్లకు ఒక దారి పడింది, అది నిజంగా మంచి విషయం. కానీ గడువులన్నీ సర్వేలకే ఉన్నాయి, శుభ్రం చెయ్యడం ఎప్పటికి పూర్తవ్వాలో లేదు, పరిశ్రమ నుంచి పన్నుగా వచ్చే డబ్బు దీని వెనక లేదు. మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీలకు అవసరమైన మూల రసాయనాల మీద టన్నుకు కొద్ది రూపాయలు వేసి, ఆ డబ్బు ఏటా బడ్జెట్లో అడుక్కోకుండా నేరుగా శుద్ధికే పోయేలా చట్టంలోనే రాసి, ఎంత వసూలైంది, ఏ ఊళ్లో ఎంత ఖర్చయింది జిల్లాల వారీగా బయటపెడితే తప్ప నాకు దీని మీద నమ్మకం కుదరదు.

ఈలోపు చెయ్యగలిగింది ఒకటుంది. మీ ఊరి దగ్గర మూతపడ్డ ఫ్యాక్టరీయో, డ్రములు పాతిపెట్టారని పెద్దవాళ్లు చెప్పుకునే ఖాళీ స్థలమో ఉంటే, అది అనుమానిత స్థలాల జాబితాలోకి ఎక్కిందా లేదా అని పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో కలెక్టరేట్‌లోనో రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి. ఆ జాబితాలో పేరు పడితేనే 90 రోజుల లెక్క మొదలవుతుంది.